కడలి నీలిమ

చెరువులో రాయి విసరి అలలు చూచి ఆనందింపని బాలుడు లేడు. రాయి పడినచోట గుండ్రని అల పుట్టి, అంతకంతకు విస్తరించి, గట్టును తాకును. అపుడు నీటిపై తేలుచున్న ఎండుటాకు నొకదానిని గమనింపుడు. అది ఉన్నచోటనే లేచును, దిగును. అలతోగూడ గట్టునకు రాదు. అనగా ప్రయాణము చేసినది నీరు కాదు, నీటియందలి కదలిక. ఇట్లు వస్తువు తన తావు విడువకయే కదలిక ముందునకు సాగుటను తరంగమందురు. వరుసగా వచ్చు రెండు అలల శిఖరముల నడిమి దూరము తరంగదైర్ఘ్యము.

ధ్వనియు తరంగమే. మ్రోగుచున్న గుడిగంటపై మెల్లగా వ్రేలుంచినచో దాని కంపనము తెలియును. ఆ కంపనము గాలిని కదల్చును. గాలి మన కర్ణభేరిని కదల్చును. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. కాంతియు తరంగమే, కాని దానికి గాలియు నీరును అక్కరలేదు. అది శూన్యమునందు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అందువలననే మెరుపు ముందుగా కనబడి, ఉరుము పిమ్మట వినబడును.

తరంగదైర్ఘ్యము మారినచో ధ్వనియందు స్థాయి మారును. కాంతియందు రంగు మారును. ఒక మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో, అందు ఏడు భాగముల పొడవు ఎర్రని కాంతి తరంగమునకు, నాలుగు భాగముల పొడవు ఊదారంగు తరంగమునకు ఉండును. తక్కిన రంగులన్నియు ఈ రెంటి నడుమ నిమిడియున్నవి. అన్నియు గలసినదే సూర్యుని తెల్లని వెలుగు.

మరి ఆకాశము నీలముగా నుండుటకు కారణమేమి? దీనిని 19వ శతాబ్దమున ఇంగ్లండు దేశీయుడగు రేలీ ప్రభువు వివరించెను. సూర్యకాంతి గాలి యణువులను తాకినపుడు నలుదిక్కులకు చెదరును. దీనికి పరిక్షేపణమని పేరు. పొట్టి తరంగములు ఎక్కువగా, పొడుగు తరంగములు తక్కువగా చెదరును. నీలికాంతి ఎర్రని కాంతికంటె సుమారు ఆరు రెట్లు అధికముగా చెదరును. కావున ఏ వైపు చూచినను నీలిమయే మన కంటికి వచ్చును. సముద్రమునకు గల నీలిమ మాత్రము దాని సొంతము కాదనియు, అది నీటిలో కనబడు ఆకాశపు ప్రతిబింబమే యనియు ఆయన తలచెను. ఆయన 1904లో నోబెల్ బహుమానము పొందిన మేటి శాస్త్రవేత్త. అట్టి వాని మాటను సందేహించువారు అరుదు.

ఆ మాటను పరీక్షింప దలచినవాడు మన చంద్రశేఖర వేంకట రామన్. ఆయన తండ్రి విశాఖపట్టణమున కళాశాలాధ్యాపకుడు. కావున రామన్ బాల్యము ఆ సముద్రతీరముననే గడచెను. పెరిగి పెద్దయైన పిదప ఆయన ధ్వనిశాస్త్రమున కృషి చేసి, మృదంగపు మూతపై పూయు నల్లని ముద్దయే ఆ వాద్యమునకు శ్రుతిశుద్ధమగు నాదము నొసగుచున్నదని నిరూపించెను. 1921లో ఇంగ్లండు ప్రయాణము చేసినపుడు మధ్యధరా సముద్రపు గాఢనీలిమ ఆయన మనస్సు నాకర్షించెను. ఇది నిజముగా ఆకాశపు నీడయేనా?

తిరుగు ప్రయాణమున 'నార్కుండా' అను ఓడపై నుండి ఆయన దీనిని పరీక్షించెను. ఆయనయొద్ద నున్న పరికరములలో ఒకటి జేబులో పట్టు చిన్న నికల్ పట్టకము. నీటిపై తగిన కోణమున పడి పరావర్తనము చెందిన కాంతి ఒకే తలమున కంపించును. పట్టకమును తగురీతి త్రిప్పి పట్టినచో అట్టి కాంతి లోనికి రాకుండ నిలిచిపోవును. రామన్ అట్లు చేసి చూచెను. ఆకాశపు ప్రతిబింబము తొలగెను. సముద్రపు నీలిమ తొలగలేదు! అది నీటి లోపలినుండి వచ్చుచున్నదని తేలెను.

ఆ ప్రశ్న అంతటితో ఆగలేదు. కలకత్తాకు మరలివచ్చి, ద్రవములలో కాంతి ఎట్లు చెదరునో శిష్యులతో గూడి ఏండ్లతరబడి పరిశోధించెను. చెదరిన కాంతిలో అత్యల్పభాగము తన తరంగదైర్ఘ్యమునే మార్చుకొనునని 1928 ఫిబ్రవరి 28న కనుగొనెను. ఆ మార్పు ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క తీరున నుండును. ఇదియే రామన్ ఫలితము. 1930లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

కడలి నీలిమకు నీటి యణువుల పరిక్షేపణముతోబాటు, నీరు ఎర్రని కాంతిని తనలో నిముడ్చుకొనుట ప్రధాన కారణమని నేడు తెలిసియున్నది. రేలీ మాటను రామన్ సవరించినట్లే, రామన్ మాటకును చేర్పు కలిగినది. ఇందు ఎవరికిని చిన్నతనము లేదు. శాస్త్రము పెరుగు తీరే అది.

బాలబాలికలారా! చీకటి గదిలో గాజుగ్లాసెడు నీటిలో రెండు మూడు చుక్కలు పాలు కలిపి, ఒకవైపునుండి టార్చిలైటు వేసి చూడుడు. ప్రక్కనుండి చూచిన నీరు లేతనీలముగను, ఎదుటినుండి చూచిన దీపము పసుపుగను కనబడును. ఈ పాఠములో చెప్పినదని నమ్మి ఊరకుండకుడు. మీ కంటితో చూచి నమ్ముడు. పెద్దలను గౌరవించుట మన ధర్మము. వారి మాటను పరీక్షించి చూచుట ఆ గౌరవమునకు లోపము కాదు.