సంక్రాంతి దాటని డైరీ

ప్రశ్న: ఏటా జనవరి ఒకటిన డైరీ మొదలుపెడతాను. సంక్రాంతి దాటితే అంతే సంగతులు! ఈసారి ఐదేళ్ల డైరీ కొన్నాను. ఆగకుండా రాయడం ఎలా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మంచి పని చేశారు. ఇందులో తేదీకో పేజీ, ఏడాదికి నాలుగైదు వరుసలే చోటు. పేజీ నింపాలన్న బెంగ ఉండదు. ‘రోజు బాగా గడిచింది’ అని మాత్రం రాయకండి. పాల ధర ఎంత పెరిగింది, ఆవకాయకు కాయలు ఎక్కడ తెచ్చారు, పిల్లాడు ఎందుకు అలిగాడు... ఇవి రాయండి. రెండో ఏడు అదే పేజీ తెరిస్తే పైన నిరుటి అలక కనబడుతుంది. అసలు రుచి అప్పుడు తెలుస్తుంది. అందాకా లాక్కురావడమే కష్టం.

‘తీరిక దొరికినప్పుడు’ అనుకుంటే దొరకదు. రాత్రి పాలు తోడుపెట్టగానే రాయండి. పెన్ను డైరీలోనే ఉంచండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకుల అధ్యయనంలో కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి తేడా చాలానే ఉంది. ఒక రోజు నాగా పడినంత మాత్రాన అలవాటు చెడలేదు కూడా. కాబట్టి తప్పిన రోజును ఖాళీగా వదిలేయండి. వారం బాకీ ఆదివారం కూర్చుని తీర్చబోతే విసుగొచ్చి మానేస్తారు.

ఇంకో మాట. జనవరి దాకా ఆగక్కర్లేదు, ఇవాళ్టి తేదీ పేజీ తీసి మొదలుపెట్టేయండి.