పడిపోయిన చేతికి మళ్లీ పని

పక్షవాతం వచ్చినవారిని చూసి ‘చెయ్యీ కాలూ పడిపోయాయి’ అంటాం. నిజానికి దెబ్బ తగిలింది చేతికి కాదు, మెదడుకు. అక్కడ రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా రక్తం అందక కొన్ని నాడీకణాలు చనిపోతాయి. మెదడు ఎడమ భాగం శరీరపు కుడివైపును నడిపిస్తుంది కాబట్టి, అది దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు బలహీనపడతాయి.

చనిపోయిన కణాలు తిరిగి రావు. మరి కదలిక ఎలా వస్తుంది? మిగిలిన కణాలు కొత్త సంబంధాలు కలుపుకొని, పోయినవాటి పనిలో కొంత తలకెత్తుకుంటాయి. అమ్మకో నాన్నకో బదిలీ అయి కొత్త ఊరు వెళ్తే, బడిదారి మనకు మొదటిరోజు తెలియదు. నడవగా నడవగా కాళ్లకే తెలుస్తుంది. ఇదీ అంతే. గ్లాసు అందుకోవడం, గుండీ పెట్టుకోవడం, కుర్చీలోంచి లేవడం వంటి రోజువారీ పనులనే వందలసార్లు చేయించాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. మొదట్లో ఆ చేత్తో ప్రయత్నించి విఫలమైనవారు అన్నీ మంచి చేత్తోనే చేయడానికి అలవాటుపడతారు. తర్వాత కొంత శక్తి వచ్చినా ఆ చెయ్యి ఒళ్లోనే ఉండిపోతుంది. అంటే వాడకపోవడం కూడా ఒక నేర్చుకున్న విద్యే! అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టౌబ్ దీన్ని గుర్తించి, మంచి చేతికే తొడుగు వేయించి, బలహీనమైన చేత్తో పని చేయించాడు. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిపై జరిగిన ‘ఎక్సైట్’ పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రెండు వారాలు ఇలా సాధన చేసినవారి చెయ్యి మామూలు చికిత్స పొందినవారికంటే బాగా మెరుగుపడింది, ఏడాది తర్వాతా ఆ మేలు నిలిచింది. అయితే వారందరికీ మణికట్టులో, వేళ్లలో ముందే కొంత కదలిక ఉంది. అసలు కదలనివారికి ఈ పద్ధతి సరిపడదు.

తొందరా పనికిరాదు. మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువగా నడిపిస్తే ఫలితం తగ్గిందని 2015 నాటి ‘అవెర్ట్’ పరీక్ష చూపింది. ఎప్పుడు, ఎంత అన్నది వైద్యులు, ఫిజియోథెరపిస్టు చెప్పాలి.

ఇంట్లో మన వంతు కొంచెం కష్టమైనదే. తాతయ్య ఒక్క గుండీకి పది నిమిషాలు తీసుకుంటుంటే మన చేతులు ఊరుకోవు. ఊరుకోవాలి. ఆయన అడిగితేనే సాయం చేద్దాం. లేపేటప్పుడు మాత్రం బలహీనమైన చెయ్యి పట్టి లాగకూడదు. అక్కడి కండరాలు పట్టు తప్పి ఉంటాయి కనుక భుజం కీలు జారవచ్చు. ఎక్కడ పట్టుకొని లేపాలో ఫిజియోథెరపిస్టును అడిగి, పెద్దల ఎదుట ఒకసారి చేసి చూద్దాం.