దీపావళి రాత్రి షేరును ఎట్ల కాపాడుదాం?

దీపావళికి ఇంకా నెల రోజులున్నది. పటాకుల చందా లెక్క అప్పుడే మొదలైంది గనుక కుక్క లెక్క కూడా ఇప్పుడే చెప్తున్నా. పోయిన దీపావళికి మొదటి లక్ష్మీబాంబు పేలగానే మన షేరు గోడ దుంకి ఉరికింది. నాలుగో రోజు కుంటుకుంట వచ్చింది. "పేరుకే షేరు, వట్టి పిరికిది" అని నవ్వినవాళ్ళు ఉన్నారు. దాని చెవుల సంగతి తెలిస్తే నవ్వరు.

మనిషి చెవికి 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు ధ్వని వినబడుతుందని పాఠంలో చదివినాం. కుక్కకు దాదాపు 45,000 హెర్ట్జ్ వరకు వినబడుతుంది. మనకు అందని సన్న చప్పుడును కూడా అది దూరం నుండే పసిగడుతుంది. అట్లాంటి చెవి పక్కన బాంబు పేలితే? మనకైతే వత్తి కనబడుతుంది, చెవులు మూసుకుంటాం. దానికి ఆ ముచ్చటే తెల్వదు.

మరి దండారిలో తుడుం, డప్పులు తెల్లవార్లు మోగుతుంటే గూడెం కుక్కలు గుస్సాడీల పక్కనే పండుకుంటయి కదా అని మా క్లాసులో ఒకరు అడిగిండ్రు. మంచి ప్రశ్న. డప్పు మెల్లగ మొదలై పెరుగుతుంది, బాంబు ఒక్కసారే పడుతుంది. ఇంకో కారణం, కుక్కపిల్ల 3 వారాల నుండి 14 వారాల వయసులో విన్నవాటికి, చూసినవాటికి తొందరగా అలవాటు పడుతుంది. గూడెంలో పెండ్లికో పండుగకో డప్పు ఏడాది పొడుగునా మోగుతనే ఉంటది. బాంబు ఒక్క రాత్రే.

పెద్ద కుక్కకు కూడా అలవాటు చేయవచ్చు, కాని ఓపిక కావాలె. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ (1904లో నోబెల్ బహుమతి వచ్చినాయన) కుక్కలకు తిండి పెట్టే ముందు ఒక చప్పుడు వినిపించేవాడు. కొన్నాళ్ళకు చప్పుడు వింటేనే వాటికి లాలాజలం ఊరేది. మెస్సు గంట కొట్టగానే షేరు తోక ఊపుకుంట వచ్చుడు కూడా అదే! ఆ దారిలోనే పోదాం. ఒకరు గ్రౌండు ఆ చివర నిలబడి కాగితపు సంచి ఊది పగలగొట్టాలె. చప్పుడు కాగానే ఈ చివర ఇంకొకరు షేరుకు రొట్టె ముక్క వేయాలె. చప్పుడు ముందు, ముక్క తర్వాత. తిరగేస్తే పని చేయదు. రోజుకు నాలుగైదు సార్లు చాలు. హాయిగా తింటే మర్నాడు పది అడుగులు దగ్గరికి రావాలె. ముక్క ముట్టకపోతే మనం తొందరపడ్డట్టే, మళ్ళీ దూరం పోవాలె. తోక కాళ్ళ నడుమ పెట్టుకొనుడు, చెవులు వెనుకకు వాల్చుడు, ఎండ లేకున్నా రొప్పుడు, ఊరికే ఆవులించుడు, మూతి నాకుకొనుడు ఇవన్నీ భయం గుర్తులే. ఆవులింత చూసి నిద్ర వస్తుందనుకోవద్దు.

ఇక ఆ రాత్రి సంగతి. పొద్దు ఉండగానే తిప్పి, బువ్వ పెట్టి లోపలికి తేవాలె. మెస్సు వెనుక బియ్యం మూటల గది మంచిది. గోడలు మందం, మూటలు చప్పుడును కొంత పీల్చుకుంటయి. కిటికీకి గోనెసంచులు కట్టి, రేడియో పెట్టి, గిన్నెలో నీళ్ళు పెట్టాలె. వారం ముందు నుండే అందులో పండబెడితే అది తన చోటని తెలుస్తుంది. బయట గొలుసుతో కట్టేస్తే మాత్రం బెదిరి గింజుకుని మెడకు ఉరి పడవచ్చు.

నిమిరితే భయం ఇంకా పెరుగుతుందని కొందరంటరు. అది నిజం కాదు. దగ్గరికొస్తే మెల్లగా మాట్లాడుతూ నిమరండి. మూలకు దాక్కుంటే మాత్రం గుంజవద్దు, బెదిరిన కుక్క తనవాళ్ళనైనా కరుస్తుంది. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి వెంటనే దవాఖానకు పోయి రేబిస్ టీకా వేయించుకోవాలె. పసరు, కారం పెట్టవద్దు. భయం తగ్గించే మందులు పశువుల డాక్టరు దగ్గర ఉంటయి, భయం మొదలుకాక ముందే వేయాలె. మనుషుల నిద్రగోళీలు వేయరాదు.

తోకకు సీమటపాకాయల సరం కట్టే తమాషా ఎవరి మనసులోనైనా ఉంటే వినండి, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద అది నేరం. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు చప్పుడు పటాకులు కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కాబట్టి 10 దాటి అంతా సద్దుమణిగినంక షేరును విడువవచ్చు. అంతకుముందే పేలని టపాకాయలు ఏరి నీళ్ళ బకెట్లో వేయాలె, లేకుంటే నోట కరుస్తది.

బియ్యం గది తాళం వార్డెన్ సారు దగ్గర ఉన్నది. ఆదివారం అడగడానికి నేను పోతున్నా, ఇంకో ఇద్దరు రావాలె. కాగితపు సంచులు 7వ తరగతి తమ్ముళ్ళు చేస్తమన్నరు.