సాఫ్ట్‌బాల్‌లో దారి ఎవరిది?

పెదకాకాని పరిసరముల విద్యార్థులలో క్రికెట్ తెలియనివారు అరుదు. సాఫ్ట్‌బాల్ తెలిసినవారు కొద్దిమందియే. క్రికెట్ అలవాటుతోనే సాఫ్ట్‌బాల్‌ను చూచుటవలన ఒక వివాదము మైదానములో తరచుగా తలయెత్తును. పరుగెత్తు రన్నరు, బంతికై వచ్చు ఫీల్డరు ఢీకొన్నప్పుడు తప్పు ఎవరిది? "కావాలని చేయలేదు సార్!" అనుచు ఇరుపక్షములవారును అంపైరును చుట్టుముట్టుదురు. ఆ మాట నిజమే కావచ్చును. కాని చాలా సందర్భములలో తీర్పునకు ఆ మాటతో పనిలేదు. ఈ సంగతినే ఇక్కడ వివరింపదలచితిమి.

బేస్‌బాల్‌లో ఒక బేసునుండి మరియొక బేసునకు 90 అడుగులు. సాఫ్ట్‌బాల్‌లో 60 మాత్రమే. ఈ ఇరుకు దారిలోనే ఒకరు పరుగెత్తవలెను, మరియొకరు బంతి పట్టవలెను. అందుచేత అంపైరు మొదట తెలిసికొనవలసినది బంతి ఎక్కడ ఉన్నదన్నదే.

బ్యాటు తగిలి వచ్చుచున్న బంతిని అందుకొనుటలో ఫీల్డరుదే మొదటి హక్కు. రన్నరు అతనిని తప్పించుకొని, ముందుగానో వెనుకగానో పోవలెను. అట్లు పోవుటకై గీత విడిచినను అతడు అవుట్ కాడు. తప్పించుకొనక అడ్డుపడినచో, తెలియక అడ్డుపడినను, అది ఇంటర్‌ఫియరెన్స్. బంతి ఆ క్షణముననే డెడ్ అగును, రన్నరు అవుట్. ఒకే బంతికి ఇద్దరు ఫీల్డర్లు పోయినచో ఈ రక్షణ ఒక్కరికే; ఆ ఒక్కరెవరో అంపైరే నిర్ణయించును. ఫీల్డరు విసరిన బంతి విషయము వేరు. అది రన్నరుకు తగిలినంత మాత్రమున అవుట్ కాదు. కావాలని అడ్డుకొన్నాడా అని అక్కడ చూడవలెను. మా విద్యార్థులు పొరబడునది ఎక్కువగా ఇక్కడనే.

చేతిలో బంతి లేక, బ్యాటు తగిలిన బంతిని అందుకొనుచును ఉండక దారిలో నిలిచిన ఫీల్డరుకు ఏ హక్కును లేదు. దారి రన్నరుది. దీనిని అబ్‌స్ట్రక్షన్ అందురు. సాఫ్ట్‌బాల్ అంపైరు ఎడమచేయి చాచి ఆట సాగనిచ్చును. ఆట ఆగిన తరువాత, అడ్డు లేకున్నచో రన్నరు ఏ బేసు చేరియుండెడివాడో ఆ బేసు ఇచ్చును.

2013 అక్టోబరు 26న సెయింట్ లూయిస్ నగరములో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మూడవ ఆట ఇట్లే ముగిసినది. తొమ్మిదవ ఇన్నింగ్స్, స్కోరు 4-4. మూడవ బేసునకు వచ్చిన బంతి బోస్టన్ ఫీల్డరు మిడిల్‌బ్రూక్స్‌ను దాటిపోయినది. అతడు నేలపై పడియున్నాడు. ఇంటివైపు పరుగెత్తబోయిన అలెన్ క్రెయిగ్ అతనిపై తొట్రుపడెను. హోమ్‌ప్లేట్ వద్ద బంతి ముందే చేరినను, అంపైరు జిమ్ జాయిస్ అబ్‌స్ట్రక్షన్ ప్రకటించియుండుటచే పరుగు చెల్లినది. పడియున్నవాడు కావాలని ఏమి చేయగలడని బోస్టన్ అభిమానులు వాపోయిరి. జాలి కలుగుట సహజమే. తీర్పు మాత్రము సరియైనది.

దీనిని మనవారు మరువని మరియొక సంఘటనతో పోల్చి చూడుడు. 1999 ఫిబ్రవరిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పాకిస్తాన్‌తో జరిగిన టెస్టులో, బంతిని చూచుచు పరుగెత్తిన సచిన్ టెండూల్కర్, త్రో కొరకు నిలిచిన షోయబ్ అక్తర్‌ను ఢీకొనెను. దూరమునుండి నదీమ్ ఖాన్ విసరిన బంతి వికెట్లను తాకినది. మూడవ అంపైరు రనౌట్ ఇచ్చెను. ప్రేక్షకులు అల్లరి చేసిరి. చివరి దినమున స్టాండ్లను ఖాళీ చేయించి ఆట ముగించవలసివచ్చినది. షోయబ్ కావాలని చేసెనని మేము అనుకొనము. క్రికెట్ అడుగునది సంకల్పమును గనుక తీర్పు ఆ నిబంధనలకు లోబడినదే. సాఫ్ట్‌బాల్ సూత్రముతో చూచినచో బంతి లేని షోయబ్ దారిలో ఉన్నాడు, సచిన్ నాటౌట్. ఎవరి మనసునో శోధింపనక్కర లేకయే!

ఢీకొనుటనే తగ్గించుటకు సాఫ్ట్‌బాల్‌లో మొదటి బేసును జంటగా అమర్చుదురు: 30 అంగుళముల పొడవు, 15 అంగుళముల వెడల్పు. తెల్లసగము ఫీల్డరుది, గీత వెలుపలి రంగుసగము తొలిసారి పరుగెత్తి వచ్చువానిది. కొనుటకు డబ్బులేని కళాశాలలు సాధనకై మిర్చి టిక్కీ గోనెపట్టకు రంగువేసి, పత్తి కుక్కి కుట్టుకొనవచ్చును. పట్టను మాత్రము ముందుగా బాగుగా ఉతుకవలెను. లేనిచో ఆ ఘాటునకు రన్నరును ఫీల్డరును కలిసియే కన్నులు మూసికొందురు.