రువాండా వెళ్లే మేనకోడలికి

అంబర్‌పేట్, హైదరాబాద్

చిరంజీవి స్వాతికి,

ఆదివారం అశోక్‌నగర్ నుంచి వచ్చి నువ్వు చెప్పిన మాటే మనసులో తిరుగుతోంది. రువాండా వెళ్లి చిన్న కాఫీ రైతుల దగ్గర స్వచ్ఛందంగా పనిచేస్తానన్నావు. పండును మంచి గింజగా తయారుచేసే పద్ధతులు నేర్పుతానన్నావు. అంత దూరమని మీ అమ్మ బెంగ పెట్టుకుంది, ఆమెకు నేను నచ్చచెబుతాను. నీకు చెప్పాల్సింది మాత్రం వేరే ఉంది.

కోసిన రోజే తొక్క తీయాలి, నీళ్లలో తేలే పండ్లు ఏరేయాలి, తేమ 11 శాతానికి దిగేదాకా ఆరబెట్టాలి. ఇవన్నీ నువ్వు చదువుకున్నవే. రైతుకు కూడా వీటిలో చాలావరకు తెలుసు. తెలిసీ ఎందుకు చేయడం లేదన్నది ముందు కనుక్కో.

పాడేరు ఏజెన్సీలో కాఫీ కొనుగోళ్ల పని చూసే రోజుల్లో ఒక సంస్థ వచ్చి ఊళ్లలో శిక్షణ పెట్టింది. ఎర్రగా పండినవే కోయమన్నారు. తొక్క తీసే చిన్న యంత్రాలు (బేబీ పల్పర్లు), టార్పాలిన్లు పంచారు. ఒక ఇంటివాళ్లు చెప్పింది చెప్పినట్టు చేశారు. కొమ్మ పట్టుకుని పచ్చివీ పండినవీ కలిపి దూసేస్తే బుట్ట ఇట్టే నిండుతుంది. పండు పండూ చూసి తెంపితే పూటంతా పడుతుంది. మిగిలినవి పండాక మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. ఆ పనంతా ఆడవాళ్ల మీదే పడింది. తొక్క తీసిన గింజ నానిందో లేదో చూడటానికి ఆ ఇంటి కోడలు రాత్రివేళ లేచి గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య రుద్దేది. జిగురు పోయి గరగరమంటేనే కడగాలి, ఆలస్యమైతే పులుపు వాసన పట్టేస్తుంది. పొద్దుగూకేసరికి మంచు పడుతుందని ఆరబోసిన గింజను కుప్పచేసి కప్పేది, ఎండెక్కాక మళ్లీ పరిచేది. అంతా అయ్యాక సంతకు తెస్తే, షావుకారు ఆ గింజకూ దూసి ఎండబెట్టిన కాయకూ ఒకే లెక్క కట్టాడు. అతనికి బాకీ ఉన్నారు కాబట్టి మరొకరికి అమ్ముకునే దారి లేదు. మరుసటి ఏడు వాళ్లు మళ్లీ దూశారు. గిరిజనులు మారరని ఆ సంస్థవాళ్లు నివేదిక రాసుకుని వెళ్లిపోయారు. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అదే ఏజెన్సీలోని అరకులో నాణ్యత నిలబడింది కాటా దగ్గర లెక్క మారాకే. 1998లో మన హైదరాబాద్‌లో మొదలైన నాంది ఫౌండేషన్ అక్కడి రైతులను సహకార సంఘంగా కూర్చింది. పండిన పండును వాళ్ల దగ్గర కొని, తొక్క తీయడం, ఆరబెట్టడం ఒకేచోట చేయించింది. గిరిజన సహకార సంస్థ కూడా కొంటుంది కాబట్టి షావుకారు గడపే దిక్కు అన్న రోజులు పోయాయి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరవడం, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు (జీఐ) రావడం ఆ తర్వాతి సంగతులు.

రువాండాలో జరిగిందీ ఇంచుమించు ఇదే. పూర్వం ఎవరింట్లో వాళ్లు చేత్తో తొక్క తీసి మామూలు ధరకు అమ్మేసేవాళ్లు. 2001 ప్రాంతంలో హుయే దగ్గర మరబా రైతులు సంఘంగా చేరి పండు కడిగే కేంద్రం పెట్టుకున్నారు, మేలురకం గింజను నేరుగా విదేశాలకు అమ్మారు. 2008లో కాఫీ నాణ్యతకు పెట్టే కప్ ఆఫ్ ఎక్సలెన్స్ పోటీ ఆఫ్రికాలో మొదటిసారి జరిగింది ఆ దేశంలోనే. అంటే నువ్వు కలవబోయేవాళ్లలో నీకు నేర్పగలిగినవాళ్లు ఉంటారు. 1994 మారణకాండలో ఇంటివాళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లూ ఆ సంఘాల్లో ఉన్నారు. వాళ్లంతట వాళ్లు చెబితే విను తల్లీ, నువ్వుగా అడగకు.

అక్కడి కాఫీకి ఒక దోషం కూడా ఉంది. కప్పులో పచ్చి బంగాళదుంప వాసన వస్తుంది. అంటెస్టియా అనే పురుగు కుట్టిన కాయలతో దానికి సంబంధం ఉందంటారు. పచ్చిగింజను చూసి పోల్చుకోవడం కష్టం, వేయించి పొడి చేశాకే వాసన బయటపడుతుంది. అలాంటిది కనబడగానే సరిగ్గా కడగలేదని రైతు మీద నెపం వేయకు.

నిన్ను పంపే సంస్థకు ఈ వారమే ఉత్తరం రాయి. మంచి గింజ ఎవరు కొంటారు, కిలోకు ఎంత ఎక్కువిస్తారు, డబ్బు ఎన్నాళ్లకు చేతికందుతుంది, కడిగిన నీళ్లు ఏ వాగులో కలుస్తాయి, నువ్వు వచ్చేశాక ఆ ఊరికి ఎవరు వెళతారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ సంస్థ వద్దు, వేరేది చూసుకుందాం. వచ్చిందా, డబ్బు రైతు చేతికి అందేదాకా అక్కడే ఉండేలా తిరుగు టికెట్ తీసుకో. కోత అయిపోయింది కదా అని వచ్చేయకు.

రువాండాలో కోతలు మార్చిలో మొదలవుతాయి. మన ఏజెన్సీలో నవంబరు నుంచే. కాబట్టి ముందు పాడేరు వెళ్లి ఒక సీజను కూలి చేసినట్టే చెయ్. నేర్పడానికని కాదు, బుట్ట కట్టుకుని కోయడానికి. నాకు తెలిసిన కుటుంబాలున్నాయి, నేను మాట్లాడతాను. తిండి ఖర్చు వాళ్ల మీద వేయకు, నెలకింతని ముందే చేతికిచ్చేయ్.

ఆఫ్రికా ప్రయాణం కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా సంగతి ఇప్పుడే కనుక్కో. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు, ఆఖరి వారం దాకా ఆగకు. పాడేరుకైతే విశాఖకు రాత్రి రైలెక్కి, అక్కడి నుంచి బస్సు పట్టుకో. డిసెంబరు చలికి మీ అత్తయ్య శాలువా తీసి పెట్టింది, వచ్చే ఆదివారం వచ్చి పట్టుకెళ్లు.

మామయ్య