ఫ్లైవీల్ లేత్ ఎక్కే ముందు

యానాం నుంచో, నెల్లూరు వైపు నుంచో వచ్చి పుదుచ్చేరి షెడ్లలో పాత కార్ల పని నేర్చుకుంటున్న మన కుర్రాళ్లకు ఈ మాట చెప్పాలి. క్లచ్ పనికి బండి రాగానే ఓనరు అడిగేది ఒకటుంది: "ఎలాగూ గేర్ బాక్సు దించుతున్నావు కదా, ఆ ఫ్లైవీల్‌ని కూడా లేత్ మీద వేయించి బరువు తగ్గించు. పికప్ వస్తుందట." వెంటనే సరే అనకండి. లేత్ మీద పోయిన ఇనుము మళ్లీ రాదు.

కుమ్మరి సారె చూసే ఉంటారు. కర్ర పెట్టి నాలుగు చుట్లు తిప్పి వదిలితే చాలు, కుండ లేచేదాకా తిరుగుతూనే ఉంటుంది. అంచున ఉన్న బరువే దాన్ని తిప్పుతుంది. ఫ్లైవీల్ పనీ అదే. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఐడ్లింగ్‌లో 750 ఆర్‌పీఎం తిరుగుతుంటే సెకనుకు 25 సార్లు మంట అందుకుంటుంది. ఒక మంటకూ తర్వాతి మంటకూ మధ్య 40 మిల్లీసెకన్లు. ఆ కాస్త సందులో క్రాంకు తడబడకుండా లాక్కెళ్లేది ఫ్లైవీలే. అది ఇంజన్‌కు కొత్తగా బలం ఇవ్వదు, ఉన్న బలాన్ని దాచిపెట్టి తిరిగిస్తుంది. కాబట్టి బరువు తగ్గిస్తే హార్స్ పవర్ పెరుగుతుందని ఎవరన్నా నమ్మకండి. టాప్ స్పీడూ పెరగదు.

మరి పికప్ మాట అబద్ధమా? కాదు. లెక్క వేసి చూద్దాం. మధ్య నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో 2 కిలోలు తీశామనుకోండి. ఫస్ట్ గేర్‌లో ఇంజన్ 16 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనీ, చక్రం వ్యాసార్ధం 30 సెంటీమీటర్లనీ అనుకుందాం. వేగం అందుకునేటప్పుడు ఆ 2 కిలోల తేడా బండిలోంచి సుమారు 80 కిలోల మనిషి దిగిపోయినట్టు ఉంటుంది. టాప్ గేర్‌లో నాలుగు చుట్లకు ఒకటి అనుకుంటే అదే తేడా 5 కిలోలే. గేర్ నిష్పత్తిని వర్గం చేసి గుణించాలి కాబట్టి ఇంత తేడా. ఫస్ట్, సెకండ్ గేర్లలో హుషారు తెలుస్తుంది, టాప్‌లో దాదాపు ఏమీ తెలియదు. ఓనరుకు ఇది ముందే చెప్పండి.

ఆ హుషారుకు చెల్లించేది బండి కదిలించేటప్పుడు. క్లచ్ వదులుతుంటే ఆగి ఉన్న బండిని మొదట లాగేది ఫ్లైవీల్‌లో దాచిన శక్తే. అది తగ్గితే ఇంజన్ టక్కున ఆగిపోతుంది. ఆగకూడదని యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కి క్లచ్ జారిస్తారు, ప్లేటు త్వరగా అరుగుతుంది. శనివారం సాయంత్రం నెహ్రూ వీధిలో అడుగడుక్కీ ఆగుతూ వెళ్లే చిన్న ఇంజన్ బండికి ఇది రోజూ బాధే. పద్మిని కారులో ఇంకో చిక్కు ఉంది. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటుంది, లింకేజీ బుష్షులు అరిగితే గేర్ పడటం ఆలస్యమవుతుంది. తేలిక ఫ్లైవీల్‌తో ఆ లోపే ఇంజన్ వేగం పడిపోయి, క్లచ్ వదలగానే కుదుపు. ముందు ఆ బుష్షులు మార్చండి. పికప్ లేదన్న ఫిర్యాదు సగం అక్కడే పోవచ్చు. కార్బొరేటర్, పాయింట్లు, టైమింగ్ కూడా చూశాకే ఫ్లైవీల్ సంగతి.

నేను ఇది చెడగొట్టి నేర్చుకున్నాను. 1089 సీసీ పద్మిని ఒకటి వచ్చింది. ఓనరు గారి అబ్బాయి అడిగాడు, నేను ఫ్లైవీల్ తగ్గించి ఇచ్చాను. బండి నడిపేది మాత్రం డెబ్బై దాటిన పెద్దాయన. మూడో రోజు విల్లుపురం రోడ్డులో అరుంపార్తపురం రైల్వే వంతెన ఎక్కుతూ ట్రాఫిక్‌లో నిలబడి, మళ్లీ కదపలేక, వెనక హారన్ల మధ్య మూడుసార్లు ఇంజన్ ఆపేశారు. షెడ్డుకు వచ్చేసరికి క్లచ్ కాలిన వాసన. "బాబూ, నా బండి నాకే కొత్తదైపోయింది" అన్నారు. పాతది అప్పటికే చెక్కేశాను. ఇంకో ఫ్లైవీల్ దొరకడానికి నెల పట్టింది, కూలి నేను తీసుకోలేదు. అప్పటినుంచి నా మొదటి ప్రశ్న ఒక్కటే: నడిపేది ఎవరు, ఎక్కడ?

ఆదివారం తెల్లవారుజామున ఈసీఆర్ మీద సరదాగా తోలే ఒంటరి డ్రైవరైతే కొద్దిగా తగ్గించినా ఫరవాలేదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు ఇలాంటి ఓనర్లే ఎక్కువ. దాని గేర్ బాక్సు కారు లోపలినుంచే, మధ్యనున్న కవర్ విప్పి తీయొచ్చు కాబట్టి మార్చి చూసి, నచ్చకపోతే వెనక్కి వేయడం కాస్త సులువు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి మాత్రం కంపెనీ ఇచ్చిన బరువే ఉంచండి.

తగ్గించక తప్పకపోతే పోత ఇనుప ఫ్లైవీల్‌ను చెక్కకండి. అది వేగంలో పగిలితే ముక్కలు డ్రైవరు కాళ్ల దగ్గరికే వస్తాయి. ఉక్కుతో చేసిన వేరే ఫ్లైవీల్ తెప్పించుకోమనండి. బరువు తీసేది అంచు దగ్గర. 13 సెంటీమీటర్ల దూరంలో తీసిన కిలో, 5 సెంటీమీటర్ల దగ్గర తీసిన కిలో కన్నా దాదాపు ఏడింతలు పని చేస్తుంది. బోల్టుల చుట్టూ ఇనుము ముట్టుకోవద్దు. క్లచ్ కవర్ విప్పేముందు పంచ్‌తో గుర్తు పెట్టండి. కొత్త ఫ్లైవీల్‌నూ కవర్‌నూ కలిపి బ్యాలెన్స్ చేయించండి. దగ్గర్లో కుదరకపోతే 150 కిలోమీటర్లు చెన్నై పంపినా దండగ కాదు. ప్లేటు ఆనే ముఖాన్ని సాఫు చేయించేటప్పుడు, మెట్టు ఉన్న ఫ్లైవీల్ అయితే, కవర్ కూర్చునే చోటునూ అంతే దింపాలి. లేకపోతే ఒత్తిడి తగ్గి కొత్త ప్లేటూ జారుతుంది.

వింటేజ్ నంబర్ కావాలనుకునే ఓనరుకు ఇంకో మాట. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అందుకే విప్పిన పాత ఫ్లైవీల్ తూకానికి పోనివ్వకండి. మన ఊరి సముద్రపు గాలికి ఇనుము వారంలోనే ఎర్రబడుతుంది. దానికి గ్రీజు పట్టించి, నూనె గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో కట్టి, బండి నంబరు, విప్పిన తేదీ రాసి ఓనరు చేతికే ఇవ్వండి.