జలుబుకి, ఒళ్ళు నొప్పులకి నీలగిరి తైలం

పోయిన చలికాలం మా గదిలో ఆరుగురికి ఒకేసారి జలుబు పట్టింది. మరిగే గిన్నె దింపి, నీలగిరి తైలం పోసి, ఒకే దుప్పటి కింద అందరం తలలు పెట్టాం. ఎవరి మోకాలు తగిలిందో ఏమో, గిన్నె ఒరిగింది. నా కుడి పాదం బొబ్బలెక్కి మూడు వారాలు ఆటకి పోలేదు. అందుకే ఈసారి గోడ పత్రికకి ఈ పాఠం నేనే రాస్తానని అడిగాను.

నీలగిరి తైలం ఎక్కడి నుంచో వచ్చే మందు అనుకుంటాం గానీ, అది మనం జామాయిల్ అనే చెట్టు జాతిదే. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. నీలగిరి కొండల్లో 1843లో నాటారు. ఆకుల్ని ఆవిరి మీద ఉడికించి, ఆ ఆవిరిని చల్లారిస్తే నీళ్ళ మీద నూనె తేలుతుంది. అందులో ముఖ్యమైనది సినియోల్. చెట్టు రకాన్ని బట్టి అది ఎక్కువ తక్కువలుంటుంది. జామాయిల్ ఆకు నలిపి వాసన చూడండి, తెలుస్తుంది.

ముక్కు దిబ్బడ అంతా చీమిడి వల్లే అనుకునేవాణ్ణి. కాదు. ముక్కు లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బి దారి ఇరుకవుతుంది. అందుకే ఎంత చీదినా తెరుచుకోదు. పిప్పరమెంటు పువ్వు వాసన చూస్తే గాలి బాగా ఆడినట్టుంటుంది కదా! అది చల్లదనం తెలిపే నరాలు మనకి చెప్పే మాట, వాపు అలాగే ఉంటుంది. అయినా ఊపిరి హాయిగా అనిపించి నిద్ర పడుతుంది, అదీ లాభమే. జలుబు మాత్రం వారం పది రోజుల్లో దానంతట అదే పోవాలి. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా నూనెలు పక్కనపెట్టి నర్సమ్మ దగ్గరికి పోవాలి.

ఇప్పుడు మా గదిలో గిన్నె లేదు. రుమాలు మీద రెండు చుక్కలు వేసి దిండు పక్కన పెట్టుకుంటున్నాం. పని జరుగుతోంది.

కబడ్డీ ఆడాక పిక్కలు పట్టేస్తే చెంచాడు కొబ్బరినూనెలో రెండు మూడు చుక్కలు కలిపి రుద్దాలి. ఉత్త తైలం రాస్తే చర్మం మండుతుంది. చల్లగానో వెచ్చగానో అనిపించేసరికి నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది. సగం గుణం రుద్దడంలోనే ఉందని నా అనుమానం. పుండు మీద, కంటి దగ్గర రాయకూడదు.

అసలు భయం వేరే ఉంది. మొన్న మూడో తరగతి పిల్లలు సీసా మూత తీసి ఆడుతుంటే చూశాను. ఈ తైలం కొంచెం మింగినా చిన్నపిల్లలకి ఫిట్స్ రావచ్చు, కర్పూరమూ అంతే. ఎవరైనా తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు చంటి తమ్ముడి ముక్కుకి, ఛాతీకి రాయొద్దని అమ్మకి చెప్పండి.

సీసా ఇప్పుడు వార్డెన్ మాస్టారు బీరువాలో ఉంది. కావలసినవాళ్ళు రుమాలు పట్టుకుని సాయంత్రం ప్రేయర్ అయ్యాక వెళ్ళండి.

– 9వ తరగతి